పక్కకి జరిపిన ఎనిమిది కుర్చీలు

ముందు ఆ చొక్కా తిప్పి తొడుక్కో. తర్వాతే కూర్చోవడం, మాట్లాడడం.

సిగ్గుపడతావేం? ఇక్కడ ఉన్నదంతా ఆడవాళ్ళమే. కావాలంటే నీ జీపు వెనక్కి వెళ్ళు. నా చెల్లెలు పోయి ఇంకా ఆరు వారాలు నిండలేదు, దాని మొహం గుండెల మీద అచ్చేయించుకుని నా ఎదుట దిగుతావా? ఐవీ పెద్దమ్మకి చూపు లేదు కాబట్టి బతికిపోయింది. డాఫ్నీని చూడు, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

ఇదిగో, ఆ పేరు ఎత్తకు! దిగుతూనే ఒకసారి అరిచావు, ఇప్పుడు మళ్ళీనా? ఆ పేరు మూసేశాం. అంతగా అనాలనిపిస్తే కున్మనార అను, పోయిన వాళ్ళందరికీ అదే పేరు. కొట్లో గల్లా దగ్గర కూర్చునే పిల్లది కూడా దాని పేరే కదా, ఆ పిల్లని కూడా ఇప్పుడు కున్మనార అనే పిలుస్తున్నాం. ఇవన్నీ నీకు తెలియనివి కావు. నిన్ను మాలో కలుపుకుని నాకు చెల్లెలివని వరస కట్టింది ఎందుకనుకున్నావ్, ఇమోజెన్? మా నిప్పుల దగ్గర కూర్చుని కంగారూ తోక తినడానికేనా? వరస అంటే ఇది కూడా వరసే.

ఆ, అలా. కుట్లు బయటికి కనిపిస్తే కనిపించనీ. ఇప్పుడు కూర్చో. కుర్చీ వెతక్కు, నేల మీదే. మేమంతా నేల మీదే ఉన్నాం, చూడ్డం లేదూ?

దాని ఇంటికి తాళం వేసేశాం. అటు వెళ్ళకు. అందరం ఈ రేకుల నీడకి మారిపోయాం, జుట్లు కత్తిరించుకున్నాం. నోరీన్‌ని నువ్వు ఆనవాలు పట్టలేదు కదూ? పట్టవులే. జుట్టున్నప్పుడూ పట్టలేదు.

పిండి తెచ్చావు, టీ పొడి తెచ్చావు, మంచిది. పువ్వులెందుకు? మేకలు తింటాయి. సరే, ఆ కాగితం ఇలా ఇవ్వు. కాగితం లేకుండా నాలుగొందల మైళ్ళు రావు కదా నువ్వు. డాఫ్నీ, నా కళ్ళజోడు అందుకో.

"కుటుంబం తరఫున మేవిస్ అనే నేను, నా సోదరి రూపాన్ని, గొంతుని ప్రదర్శించడానికి ఇందుమూలంగా అనుమతిస్తున్నాను." అబ్బో! ఇప్పుడు నేను కుటుంబమా? సినిమా చివర పేర్లేశావే, అందులో నేనెక్కడున్నానో గుర్తుందా? కృతజ్ఞతల్లో. నీకు ఒంటె అద్దెకిచ్చినవాడి కింద.

మూడు వారాల్లో సముద్రం అవతల పెద్ద సినిమా పండగ. తెలుసు. ఎర్ర తివాచీ పరుస్తారట, నోరీన్ ఫోన్లో చదివి చెప్పింది. ఇక్కడంతా ఎర్ర మట్టే, దాని మీద నడవడానికి నీకు ఎప్పుడూ ఇంత తొందర లేదే?

ఏమిటీ, ముందు హెచ్చరిక వేస్తావా? "ఇందులో పోయినవారి రూపాలు ఉండవచ్చు" అనా? వార్తల్లో ఒక్క క్షణం ఫోటో కనపడితే వేస్తారమ్మా ఆ ముక్క. నీ సినిమాలో తొంభై నిమిషాలూ అదే. ఉండవచ్చు కాదు, ఇంకెవరూ లేరు. మొహం మసక చేస్తావా? చెయ్యి. తొంభై నిమిషాల మసక చూడ్డానికి ఎవడు టిక్కెట్టు కొంటాడో నేనూ చూస్తాను.

అదే దారి మీద కూర్చున్న మా తొమ్మిది మంది మీదా సినిమా తీసి ఉంటే? దాన్ని ఒక్కదాన్నీ కొన్నేళ్ళు కప్పి పెట్టేవాళ్ళం. మిగతా ఎనిమిది మందీ నడిపించేవాళ్ళు. సినిమా బతికేది. ఒక్క కాలి మీద నిలబెట్టి, ఆ కాలు పోయాక నా దగ్గరికి వచ్చి ఏడిస్తే నేనేం చెయ్యను?

లేదు లేదు, నువ్వు అప్పుడేమన్నావో నాకు మాటలతో సహా గుర్తుంది. "మేవిస్ అక్కా, ప్రేక్షకులు తొమ్మిది మందిని గుర్తు పెట్టుకోలేరు. వాళ్ళకి పట్టుకుని నడవడానికి ఒక చెయ్యి కావాలి." అన్నావా లేదా? మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో జట్టుకి పద్దెనిమిది మంది దిగుతారు. చూసేవాళ్ళకి పద్దెనిమిది మంది పేర్లూ తెలుసు. ఎవడి మోకాలు ఏ ఆటలో విరిగిందో తెలుసు, ఎవడు ఎవడి పెళ్ళాం వెంట పడ్డాడో కూడా తెలుసు. అదే జనం ఆడవాళ్ళనేసరికి ఒకటి దాటి లెక్కపెట్టలేరా?

పైగా ఇంకో మాట. "ఒక ఆడదాన్ని కథకి హీరోని చేశానక్కా, ఎంత పెద్ద విషయమో తెలుసా?" అన్నావు. మగవాళ్ళు ఒక్కడి కోసం చేయించుకున్న కుర్చీ అది. అందులోంచి వాణ్ణి దింపి దీన్ని కూర్చోబెట్టావు. కుర్చీ మారిందా? మిగతావాళ్ళం ఎప్పటిలాగే చుట్టూ నిలబడి టీలు అందించాం.

కుర్చీ అంటే గుర్తొచ్చింది. మావి తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు, తెల్లవి. బడి నుంచి అడిగి తెచ్చాం. పెట్రోలు బంకుకి బీరు లారీ రాకుండా దారికి అడ్డంగా వేశాం, అది వచ్చే దారి అదొక్కటే కదా. ఐవీ పెద్దమ్మే అంది, "నాకు కళ్ళు లేవు, లారీ అంటే భయమూ లేదు, నన్ను తీసుకెళ్ళి దారి మధ్యలో కూర్చోబెట్టండి" అని. ఆవిణ్ణి ఒక్కదాన్నీ ఎలా వదుల్తాం? తొమ్మిది మందిమి అయ్యాం. పదకొండు రోజులు. వంతులు వేసుకున్నాం. కట్టెలకి ఒకరు, వంటకి ఒకరు, పెద్దమ్మకి తోడు ఒకరు, వచ్చినవాళ్ళతో మాట్లాడడానికి ఒకరు. వంతులు రోజూ మారేవి. ఎవరికీ నడుం పడిపోకూడదు, ఎవరికీ పొగరెక్కకూడదు.

ఎనిమిదో రోజు ఆ కొత్త పోలీసతను వచ్చాడు చూడు. "మీలో నాయకురాలెవరు?" అన్నాడు. నోరీన్ డాఫ్నీని చూపించింది. డాఫ్నీ నన్ను చూపించింది. నేను పెద్దమ్మని చూపించాను. పెద్దమ్మ చేత్తో తడుముకుని, "ఇదిగో బాబూ, ఇదే" అని కుక్కని చూపించింది! అతను పుస్తకం తెరిచి, కుక్కని చూసి, మళ్ళీ మూశాడు. "మీలో ఒకరు జీపెక్కండి" అన్నాడు. ఒకరు ఎక్కరు బాబూ, తొమ్మిది మందీ ఎక్కుతాం అన్నాం. జీపులో సీట్లు నాలుగు. వెళ్ళిపోయాడు.

నవ్వుతున్నావా? నవ్వు. ఇది నీ సినిమాలో లేదుగా. నీ పక్కనే జరిగింది, నీ కెమెరా తిరుగుతూనే ఉంది. కోసేశావు. నాయకురాలు ఎవరో చెప్పని ఆడవాళ్ళతో నీకు పని లేదు.

నువ్వొచ్చింది మూడో రోజున. ఒంటెల మీద ఏదో తీయడానికి వచ్చి, దారి మూసేశాం కాబట్టి మా దగ్గర ఆగావు. "ఇది ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగావు. అది లేచి నీతో మాట్లాడింది. ఎందుకు మాట్లాడిందంటావ్? ఆ రోజు మాట్లాడే వంతు దానిది. అంతే! ఒక రోజు ముందు వచ్చి ఉంటే నీ హీరోయిన్ నోరీన్ అయ్యేది. నాలుగో రోజు వస్తే డాఫ్నీ.

డాఫ్నీ, ఎందుకే అలా దగ్గుతావ్? నీళ్ళు తాగు.

అది పొడుగ్గా ఉంటుంది, నవ్వితే బాగుంటుంది, ఇంగ్లీషు దడదడా మాట్లాడుతుంది. నీకు అది చాలు. పోస్టరు తీసిన రోజు గుర్తుందా? "ఒక్క నిమిషం, మిగతా ఎనిమిది కుర్చీలూ పక్కకి జరపరూ, ప్లీజ్" అన్నావు. ఎవరు జరిపారనుకున్నావ్? మేమే. ఎవరి కుర్చీ వాళ్ళం ఎత్తుకుని నీ కెమెరా వెనక్కి వెళ్ళి నిలబడ్డాం. పెద్దమ్మ కుర్చీ నేనే మోశాను. ఏమో, నువ్వు మర్యాదగా అడిగావు. ఒక ఫోటోకే కదా అనుకున్నాం. రెండేళ్ళ తర్వాత బాస్కెట్‌బాల్ స్తంభాలకి దుప్పటి కట్టి సినిమా వేసేదాకా, ఆ కుర్చీలు మళ్ళీ వెనక్కి రాలేదని మాకు తెలీదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. లారీ డ్రైవరుతో గంటసేపు మాట్లాడి, వాడి తల్లి ఊరు అడిగి, వాణ్ణి ఏడిపించి వెనక్కి పంపింది ఆవిడే కదా. నీ దగ్గర అదంతా ఉంది. చెవులు రిక్కించుకుని కూర్చుంది. పది నిమిషాలకోసారి నా మోకాలు తట్టేది. "నా గొంతు ఎప్పుడొస్తుందే?" వస్తుంది పెద్దమ్మా. "వచ్చి వెళ్ళిపోయిందా, నేను కునుకు తీశానా?" లేదు పెద్దమ్మా, వస్తుంది. చివర్లో పాట వచ్చేసింది, జనం చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్తూ "బాగుందే, లారీ చప్పుడు మాత్రం బాగా వచ్చింది" అంది.

ఆ రోజే నీ పీక పిసకాల్సింది. ఆపింది ఎవరో తెలుసా? అదే. "వదిలెయ్ అక్కా, దానికి పాపం అలాగే నేర్పారు" అంది. నీ మీద జాలిపడింది.

సరే, జాలిపడ్డందుకు దానికేం దక్కింది? సినిమా వెంట మెల్‌బోర్న్, సిడ్నీ, ఇంకెక్కడెక్కడో తిప్పావు. వారానికి మూడుసార్లు కిడ్నీ యంత్రం మీద పడుకోవాల్సిన మనిషి! అక్కడ కూడా యంత్రం ఏర్పాటు చేశావు, కాదనను. కానీ విమానం ఆలస్యమైన రోజు? సినిమా అయ్యాక ప్రశ్నలూ జవాబులూ గంటన్నర సాగిన రోజు? "ఒక్కసారికేం కాదులే" అని అదే అందంటావు. అంటుంది. దాని నోటంట వద్దన్న మాట ఎప్పుడొచ్చింది గనక. కాళ్ళు పొంగిన రొట్టెల్లా ఉబ్బి దిగేది. నేను చెప్పులు విప్పదీసేదాన్ని.

నోరీన్ వెళ్తానంది. నేను వెళ్తానన్నాను. డాఫ్నీ అయితే కొత్త గౌను కూడా కొనుక్కుంది. "అక్కా, జనం సినిమాలో ఉన్న మనిషినే చూడాలనుకుంటారు" అన్నావు. తొమ్మిది మంది వంతులేసుకుని మొయ్యాల్సిన దాన్ని ఒక్కదాని నెత్తిన పెట్టావు. మోసింది.

ఏడవకు. ఏడిస్తే నాకేం కాదు గానీ, నీ వంతు ఇంకా రాలేదు. ఇంకా ఉంది, విను.

బంకాయన మళ్ళీ బీరు లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. తెలీదా? గురువారం విచారణ, ఆలిస్ పట్నంలో. వాడి లాయరు ఏం రాశాడో నోరీన్ చదువుతుంది. చదవవే. "ఈ అభ్యంతరం ఒకే ఒక్క మహిళ వ్యక్తిగత పోరాటమని ప్రజలకు తెలిసిన విషయమే. దురదృష్టవశాత్తు ఆమె మరణించారు. ప్రస్తుతం ఊరిలో చెప్పుకోదగ్గ వ్యతిరేకత లేదు." విన్నావా? సాక్ష్యం కింద ఏం జత చేశాడో తెలుసా? నీ సినిమా! అందరికీ తెలిసిన విషయమట. నువ్వే కదమ్మా తెలిపింది. ఒక్కతే చేసింది అన్నావు. ఇప్పుడు ఆ ఒక్కతీ లేదు, ఇంకేం అడ్డం?

మేం ఎనిమిది మందిమి బతికే ఉన్నాం. ఇక్కడే నేల మీద కూర్చుని ఉన్నాం. సినిమాలో లేం కాబట్టి లేనట్టే.

అందుకని ఒక మాట అడుగుతాను. నీకు నా సంతకం కావాలి. నాకు పెద్దమ్మ లారీ డ్రైవరుతో మాట్లాడింది కావాలి. పోలీసుకి కుక్కని చూపించింది కావాలి. తొమ్మిది కుర్చీలూ వరసగా ఉన్నది కావాలి. తొమ్మిది రోజులు తీశావు, బోలెడు ఉండాలి. గురువారం లోపల పట్రా. అందులోంచే కొత్త సినిమా కూడా చేసుకో, దాన్ని తీసేసి మమ్మల్ని పెట్టి. అప్పుడు ఏ కాగితమైనా సంతకం పెడతాను.

ఏమన్నావ్? గట్టిగా చెప్పు.

చెరిపేశావా? మేం ఉన్న ఆ కెమెరా డబ్బాల మీదే వేరే సినిమా తీసుకున్నావా? ద్రాక్షతోటల మీదా? అయ్యయ్యో.

నాకు తెలుసు ఇమోజెన్. తెలిసే అడిగాను. కిందటి నెల నీ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి చెప్పింది, పాపం చాలా మర్యాదస్తురాలు. నీ నోటంట వినాలని అడిగాను. ఇన్నేళ్ళూ నువ్వు ప్రశ్నలడిగి మా మొహాల వంక చూసేదానివి కదా, ఎలా ఉంటుందో చూద్దామని నేనూ అడిగి చూశాను. బాగానే ఉంటుంది.

ఇదిగో నీ కాగితం. వెనక్కి తిప్పు. రాసి ఉందా? నేను నీతో మాట్లాడుతుంటే నోరీన్ రాసేసింది. బడిలో పదిహేనేళ్ళు పిల్లలకి చేతిరాత దిద్దించింది, బాగుంటుంది. పైకి చదువు. పెద్దమ్మకి వినపడాలి. గట్టిగా.

"దారి మీద తొమ్మిది మంది కూర్చున్నారు. ఎనిమిది మందిని సినిమాలోంచి నేను తీసేశాను. నా కథ బాగుండాలని తీసేశాను. వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు." అదిగో, ఎంత చక్కగా చదివావు. సంతకం పెట్టు. గురువారం ఉదయం తొమ్మిదింటికి విచారణకి వచ్చి ఇదే చదువు, ప్రమాణం చేసి. విలేకరులు వస్తారు. రమ్మని నోరీన్ వాళ్ళకి చెప్పింది. "అబద్ధం చెప్పిన దర్శకురాలు" అంటే అందరూ వస్తారుగా మరి.

నీ పేరు పోతుందా? పోతే పోనీ. మా పేర్లు పోయినప్పుడు మేం ఎవరమూ చచ్చిపోలేదు.

పెట్టావా? ఏదీ. మంచిది. డాఫ్నీ, ఇది జాగ్రత్తగా రొట్టెల డబ్బాలో పెట్టు.

ఇంకా కూర్చున్నావేం? నా సంతకమా? నీది పెడితే నాది పెడతానని ఎవరన్నారు? నేనన్నానా? నోరీన్, నేనన్నానా? చూడు, అనలేదంటోంది. పెద్దమ్మని అడుగు, ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి.

అలా చూడకు. వెళ్ళేముందు ఒక మాట చెప్తాను. ఇలా దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. వీళ్ళు వినక్కర్లేదు.

మూడో రోజు మాట్లాడే వంతు దానిది కాదు. నాది.

డాఫ్నీ అందుకే దగ్గింది. వీళ్ళందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. నీ కెమెరా చూసి భయమేసింది. నా ముందు పళ్ళు రెండు లేవు కదా. పన్ను నొప్పి అన్నాను. "ఇవాళ నువ్వు మాట్లాడవే, రేపు నీ వంట నేను చేస్తాను" అన్నాను. ఒక్క రోజుకి. నువ్వు దాన్ని చచ్చేదాకా నా వంతులోనే ఉంచేశావు. దాని వంట మాత్రం నేను ఒక్క పూటే చేశాను.

నీ సినిమాలో నలభై ఒకటో నిమిషంలో ఎడమ పక్క నుంచి ఒక మోచెయ్యి వస్తుంది. చేతిలో టీ కప్పు. అది నాది. మొత్తం సినిమాలో నేనంటే అదే. చెల్లెలు తలెత్తి నవ్వుతుంది. ఆ నవ్వే కదూ సినిమాలోంచి తీసి, కింద "ధైర్యం" అని రాశావు, చొక్కాల మీద అచ్చేశావు? ఇప్పుడు లోపల నీ వంటికి ఆనుకుని ఉన్నది ఆ నవ్వే. ధైర్యం కాదే పిచ్చిదానా. పన్ను నొప్పన్న మనిషి నోటినిండా రొట్టె కుక్కుకుని టీ తెచ్చిందని నవ్వుతోంది. నన్ను చూసి నవ్వుతోంది. "దొరికిపోయావ్ లే అక్కా" అని.

నిమిషాలతో సహా ఎలా తెలుసంటావా?

దాని బట్టలు కాల్చేశాం. పరుపు కాల్చేశాం. ఫోటోలన్నీ ఏరి పెట్టెలో వేసి పంపించేశాం. పెద్దవాళ్ళు చూడ్డానికని నువ్వు ఇచ్చిన సినిమా డిస్కు ఏదని వీళ్ళు అడిగితే, పోయిందన్నాను. నా కారు సీటు కింద ఉంది. మధ్యాహ్నం వీళ్ళందరూ కునుకు తీశాక, అద్దాలకి దుప్పట్లు కట్టుకుని, ఆ చేతిలో పట్టే చిన్న ప్లేయర్లో పెట్టుకుంటాను. చూడకూడదు. నిన్ను చొక్కా తిప్పి తొడుక్కోమన్న దాన్నే, చూడకూడదని నాకు తెలీదా? నలభై ఒకటో నిమిషంలో ఆపేస్తాను. బ్యాటరీ అయ్యేదాకా అలాగే కూర్చుంటాను.

పెద్దమ్మ గొంతు కోసేశావు, నోరీన్‌ని కోసేశావు, నన్ను మోచేతి దాకా కోసేశావు. తిడుతూనే ఉంటాను. ఆ తొంభై నిమిషాల్లో ఇంకెవరూ అడ్డం రానందుకు, దాని మొహం తప్ప ఇంకేం లేనందుకు, అదే ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని నీకే దణ్ణం... ఛ. వదిలెయ్.

లే. ఎండ ముదిరితే నీ జీపు ఇసకలో దిగబడుతుంది. గురువారం తొమ్మిదింటికి. ఊరు దాటేదాకా చొక్కా అలాగే ఉండనీ.

సంతకం పెట్టనమ్మా, అడక్కు. సినిమాకి ఒక్కతే చాలన్నావుగా. చూసేది కూడా ఒక్కతే చాల్లే.